సెల్లు నాకి చూసే మనిషి

ఆయన పోయాడన్న కబురు పొద్దున చాయ్ తాగుతుంటే వచ్చింది. నా భార్య ఆ రోజు వంట చేసింది కానీ మెతుకు ముట్టలేదు. నేను తిన్నాను. పప్పు బాగా కుదిరింది, మారు వడ్డించుకుని మరీ తిన్నాను.

"నీకు మనసెట్లొచ్చిందయ్యా తిననీకి?" అని సాయంత్రం అడిగింది.

"ఆకలైంది, తిన్న," అన్నాను.

అందులో అబద్ధమేం లేదు. నాకు ఆయనంటే కుళ్ళు. బతికున్నప్పుడూ కుళ్ళే, ఇప్పుడూ కుళ్ళే. చచ్చినవాడి మీద కుళ్ళు ఉంచుకోకూడదని పెద్దలంటారు. అనడం తేలికే. వద్దనుకుంటే పోయేదైతే నాది ఎప్పుడో పోయేది.

మీరు ఇంకోలా అనుకోకండి. ఆమె ఆయన్ని అన్నా అని పిలిచేది, ఏటా రాఖీ కట్టేది. అనుమానపు గొడవైతే ఒకరోజు గట్టిగా కొట్లాడి తెంచుకునేవాణ్ణి. నాది ఆ రకం కాదు. మా ఇద్దరిదీ ఒకటే పని. కరీంనగర్‌లో నాకు మైకు సెట్ ఉంది, ఆయనకు ఆదిలాబాద్ అవతల, మహారాష్ట్ర సరిహద్దుకు ఆనుకున్న ఊళ్లో ఉండేది. నా భార్య తంబూర పట్టుకుని తత్వాలు పాడుతుంది. ఆమె పాట నా స్పీకర్ బాక్సుల్లో కన్నా ఆయన బాక్సుల్లో బాగుండేది. ఆ మాట ఊళ్లో ఎవరైనా అంటే పొరుగింటి పుల్లకూర రుచి అని సరిపెట్టుకునేవాణ్ణి. అన్నది ఆమే.

మనిషిలో చూడ్డానికి ఏమీ ఉండదు. పొట్టి. గోరింటాకు పెట్టి పెట్టి జుట్టు ఇటుక రంగుకు తిరిగింది. చొక్కా జేబులో టెస్టర్, పెన్ను పక్కపక్కన ఉండేవి. సంతకం పెట్టమంటే టెస్టర్ తీసేవాడు. పరాయి పందిట్లోకి కూడా సొంత ఇంట్లోకి వచ్చినట్టు వచ్చేవాడు. సామాను దింపకముందే "మిర్చీలు ఏవి?" అని అడిగేవాడు. అవి వచ్చేదాకా వైరు చుట్ట విప్పేవాడు కాదు. కుర్చీకి చేతులు ఉండాలి, లేకపోతే పెండ్లికొడుకు కుర్చీ అయినా సరే లాక్కొచ్చి మిక్సర్ ముందు వేసుకునేవాడు. ఎవరూ ఏమీ అనేవాళ్ళు కాదు. నేను అలా చేస్తే అంటారు, నాకు తెలుసు.

నా బాక్సుల్ని బీరువాలనేవాడు. మొట్టమొదట కలిసిన రోజే వాటి చుట్టూ ఒక తిరుగుడు తిరిగి, ఒకదాన్ని వేలి కణుపుతో కొట్టి చూసి, "మంచిగున్నయి భాయ్, చలికాలం దుప్పట్లు పెట్టుకోవచ్చు," అన్నాడు. పక్కనున్న డోలక్ అతను నవ్వాడు. నా బాక్సులు పెట్టానంటే రెండు వాడలు అదరాల్సిందే. వినాయక నిమజ్జనానికి నా కోసం ముందే వచ్చి మాట తీసుకునేవాళ్ళు. అలాంటి నన్ను పట్టుకుని దుప్పట్లంటాడా!

ఆయన దగ్గర ఒక డబ్బి ఉండేది. అరచేతికన్నా కొంచెం పెద్దది, ఇనుపది, మూలల్లో రంగు లేచిపోయి ఉండేది. మా పనిలో దాన్ని డీఐ బాక్స్ అంటారు. ఖరీదైనదేమీ కాదు, నిన్న మొన్న మైకు సెట్ పెట్టినవాడు కూడా కొనుక్కోగలడు. అది చేసే పనీ చిన్నదే. తంబూర బుర్రకు ఒక బిళ్ళ అంటిస్తాం, మైకు బదులు. ఆ బిళ్ళ పట్టే నాదం బలహీనంగా ఉంటుంది. పొడుగు వైరులో మిక్సర్ దాకా వచ్చేసరికి పస పోతుంది, దారిలో కరెంటు రొద కలుస్తుంది. ఈ డబ్బిని తంబూర పక్కనే పెడితే, ఆ నాదాన్ని అక్కడే అందుకుని, రొద అంటకుండా మిక్సర్‌కు చేరుస్తుంది. రికార్డింగ్‌కైనా అంతే. ఇందులో మంత్రమేం లేదు.

కానీ ఆయన చెబితే మంత్రంలాగే ఉండేది. దాన్ని నాగపూర్‌లో కొన్నానని ఒకసారి, నాందేడ్‌లో అని ఒకసారి, చంద్రాపూర్‌లో ఒక ముసలి సేటు దగ్గర అని ఒకసారి చెప్పేవాడు. ఊరు మారేది, బేరం మారేది. చివరికి షాపువాడు ఓడిపోవడం మాత్రం మారేది కాదు.

డబ్బిలో తొమ్మిది ఓల్టుల సెల్లు ఒకటి పడుతుంది. రెండు కొనలూ పైనే ఉంటాయే, ఆ చదరపు సెల్లు. ప్రతి ప్రోగ్రాంకు ముందు ఆయన దాన్ని బయటికి తీసి నాలుకకు ఆనించేవాడు. కళ్ళు మూసుకుని, పొయ్యి మీది పులుసు ఉప్పు చూస్తున్నట్టు ఒక క్షణం ఆగి, "ఇంక పుల్లగనే ఉన్నది, నడుస్తది," అనేవాడు. లేకపోతే "సప్పగైంది, పారెయ్యి," అనేవాడు. జేబులో టెస్టర్ ఉంది, మీటరు కూడా సంచిలో ఉంది. ఎందుకు నాకుతావయ్యా అంటే, "మీటరుకు రుచి తెలుస్తదా?" అని ఎదురు ప్రశ్న. అందరూ గొల్లున నవ్వేవాళ్ళు. దాన్ని చూడ్డానికే స్టేజీ చుట్టూ చేరేవాళ్ళు. ఒకరోజు ఇంట్లో ఎవరూ లేనప్పుడు నేనూ నాకి చూశాను. నాలుక మీద జెర్రి పాకినట్టయింది. పులుపూ లేదు, వాడి మొహమూ లేదు.

అసలు సంగతి మెట్‌పల్లిలో జరిగింది. శ్రావణమాసం, ఒక సోమవారం పొద్దున తత్వాల కార్యక్రమం. మైకు ఆయనది. నాకు అదే రోజు ఇంకోచోట పెండ్లి ఉండి, అది వెనక్కి జరిగింది. ఊరికే ఇంట్లో కూర్చోవడం ఎందుకని ఆమెతో పాటు బస్సెక్కాను. ఆమె పాడుతుంటే నేను మిక్సర్ దగ్గర కాకుండా జనంలో కూర్చోవడం అదే మొదలు.

నా భార్య గొంతు పెద్దది. మైకు లేకున్నా ఊరి చివరిదాకా వెళ్తుందని నేనే గొప్పగా చెప్పుకునేవాణ్ణి. ఆ రోజూ పరీక్షకు ఒక చరణం అలాగే ఎత్తుకుంది. ఆయన కుర్చీలోంచి లేచాడు.

"థాంబ్, థాంబ్. జర ఆగు చెల్లె."

స్టేజీ ఎక్కి ఆమె ఎదురుగా చాప మీద కూర్చున్నాడు. ఏదో అడిగాడు. ఆమె చెప్పింది. చేతులు తిప్పుతూ చాలాసేపు చెప్పింది, మధ్యలో నవ్వింది కూడా. నాకు ఒక్క ముక్క వినపడలేదు. తర్వాత ఆయన తంబూరకు బిళ్ళ అంటించాడు. డబ్బి కలిపాడు. అందులోని రొద తీసే చిన్న మీట నొక్కాడు. పాడేవాళ్ళ కోసం నేల మీద పెట్టే చిన్న బాక్సును జరిపి జరిపి ఆమె మోకాలి దగ్గరికి తెచ్చాడు.

"పాడకు. సుతి ఒక్కటే మీటు," అని కిందికి దిగిపోయాడు.

ఆమె తంబూర మీటింది. మీటి, తల వంచి దాని వైపే చూసింది. ఇంకోసారి మీటింది. అప్పుడు ఆయన మిక్సర్ దగ్గర మైకు తీసుకుని, హాలంతా వినేట్టు అన్నాడు:

"చెల్లె, సాంచాలు బందైనయి. ఇగ మెల్లగ పాడుకో."

నా భార్యది సిరిసిల్ల. మరమగ్గాలను అక్కడ సాంచాలంటారు. వాళ్ళ బాపు షెడ్డులో సాంచాలు నడిపేవాడు, ఈమె పక్కన కూర్చుని నూలు కండెలు చుట్టేది. తత్వాలన్నీ తండ్రి దగ్గరే, ఆ షెడ్డులోనే నేర్చుకుంది. వరసగా సాంచాలు నడుస్తుంటే పక్కవాడి మాట వినపడదు. పాట నేర్పాలంటే బాపు అరవాలి, అప్పజెప్పాలంటే బిడ్డ అరవాలి. ఆమె గొంతు అలా పెరిగింది. షెడ్డు వదిలి వచ్చినా, ఎదురుగా ఎంత నిశ్శబ్దమైన హాలున్నా, నోరు తెరిస్తే చాలు, ఆమె చెవుల్లో సాంచాలు నడుస్తూనే ఉండేవి.

ఆ పొద్దున అవి ఆగిపోయాయి. ఆమె పాడింది. నాకు తెలిసిన తత్వమే, కొన్ని వందలసార్లు నా బాక్సుల్లో మోగిందే. కానీ ఆ గొంతు నేనెప్పుడూ వినలేదు. ఎవరో దగ్గరగా కూర్చుని చెబుతున్నట్టుగా ఉంది. ఒక మాటకూ ఇంకో మాటకూ నడుమ ఊపిరి కూడా వినపడింది. నా పక్కనున్న ముసలావిడ కొంగుతో కండ్లు తుడుచుకుని, "ఎవరి బిడ్డనో గని, అమృతం తాగినట్టుంది," అంది. నా పెండ్లామే అవ్వా అని చెప్పాలి కదా, చెప్పలేదు. కాపురం చేసేది నేను, మైకు సెట్ ఉన్నది నాకు. ఆ గొంతును బయటికి తీసింది గోరింటాకు జుట్టువాడు!

బస్సులో ఆమె కోరుట్ల దాటాక అంది:

"నా తంబూర నాకు ఇనబడ్డది ఇయ్యాల."

"ఏం, నా బాక్సులల్ల ఇనబడదా?"

"నీ బాక్సులల్ల ఊరికి ఇనబడుతది," అంది.

పోట్లాటకు అన్న మాట కాదది. ఉన్నది ఉన్నట్టు చెప్పింది, అంతే. ఆమె గొంతెత్తి తిట్టినా నాకు అంత తగిలేది కాదు.

దాంతో అయిపోయిందా? ఆయన ఆ రోజు పాటను అదే డబ్బి మీదుగా ల్యాప్‌టాప్‌లో రికార్డు చేసి ఆమె ఫోనుకు పంపాడు. ఇక మా వంటింట్లో పొద్దున అదే, మధ్యాహ్నం అదే. కూరగాయలు తరుగుతూ వినేది, వింటూ తనతో తానే పాడేది. నేను లోపలికి వస్తే తగ్గించేది. నేనేం అడక్కుండానే "రాఖీకి అన్నకు ఏం పెడుదాం?" అనేది. నా ఇంట్లో, నా పెండ్లాం ఫోన్లో, ఆయన సౌండ్.

"మనకు గసొంటి డబ్బి లేకపాయె," అని ఒకసారి అంది. అంతే, నాకు పౌరుషం వచ్చింది. హైదరాబాద్ పోయి డీఐ బాక్స్ కొన్నాను. ఆయనది సెల్లు వేసే మామూలు రకం కదా, నాది అంతకన్నా ఖరీదైనది కావాలి. సెల్లు అక్కరలేనిదే తీసుకున్నాను. నాకి చూసే బాధ ఉండదు, సప్పబడే బాధ ఉండదు అనుకున్నాను. షాపువాడు దేనికి వాడతారని అడిగాడు. ఇన్నేళ్ళ అనుభవం ఉన్నవాణ్ణి పట్టుకుని అడుగుతాడేంటని, "నాకు తెలుసు, నువ్వు ఇయ్యి," అన్నాను.

పెద్దపల్లిలో దాన్ని మొదటిసారి పెట్టాను. బిళ్ళ అంటించాను, డబ్బి కలిపాను, చిన్న బాక్సు ఆమె మోకాలి దగ్గరికి జరిపాను. అంతా ఆయన చేసినట్టే చేశాను. ఆమె తంబూర మీటింది. రేకు మీద చీపురుపుల్లతో కొట్టినట్టు వచ్చింది. నాదంలోని లావు అంతా ఎటో పోయింది. నేను మిక్సర్ మీద ఉన్న మీటలన్నీ తిప్పాను. లేదు. ఆమె మెల్లగా ఎత్తుకుంది. ఒక చరణం లాగింది. సుతి దొరక్క నా వైపు ఒక్కసారి చూసింది. తర్వాత కండ్లు మూసుకుని గొంతు పెంచింది. సాంచాలు మళ్ళీ మొదలయ్యాయి.

జనం చప్పట్లు కొట్టారు. నిర్వాహకులు నా చెయ్యి పట్టుకుని "రెండు వాడల దాకా ఇనబడ్డదన్నా!" అన్నారు. ఆమె తంబూరకు గుడ్డ సంచి తొడిగి, నీళ్ళు తాగి, "పోదాం పా," అంది. ఆ చప్పట్లు నాకు పుండు మీద కారం.

ఆ మర్నాడే ఆయన ఫోను. ఈమె చెప్పే ఉంటుంది, ఇంకెవరు చెబుతారు!

"కాయ్ బావా, ఏంది! సెల్లు లేని డబ్బి కొన్నవట!" చెల్లె అన్నాక నేను బావనయ్యాను, బావను ఎంతైనా ఆటపట్టించొచ్చు. "అది కీబోర్డుకు పెట్టు, మస్తుంటది. తంబూర బిళ్ళకు సెల్లున్నదే గావాలె. దుకాణపోన్ని జర అడుగకపోయినవా?" అని ఫోను పగిలేలా నవ్వాడు. నవ్వి నవ్వి, దగ్గి, "నా డబ్బి తీస్కపో, పది రోజులు ఉంచుకో. ఫికర్ లేదు," అన్నాడు.

"నువ్వు నాకు నేర్పకు," అని ఫోను పెట్టేశాను. వాడి డబ్బి నాకెందుకు?

అయినా ఒక్క విషయం మాత్రం నన్ను తొలిచేసింది. తట్టుకోలేక అడిగేశాను. వేములవాడలో ఇద్దరం ఒకే వీధిలో వేర్వేరు పందిళ్ళకు వచ్చాం. మధ్యాహ్నం మిర్చీల బండి దగ్గర దొరికాడు. ఒక పళ్ళెం ఆయన ముందు, ఒకటి నా ముందు.

"సాంచాల సంగతి నీకెట్లెర్కయింది?" అన్నాను. "చూడంగనే పసిగట్టినవా? ఊపిరి తీసేది చూసినవా, తాళం చూసినవా?"

గొప్పలు చెప్పుకునే మనిషి కదా, ఇప్పుడు అందుకుంటాడనుకున్నాను. వింటే నాక్కూడా ఒక కిటుకు దొరుకుతుందని ఆశ. ఆయన ఉల్లిపాయ ముక్క నములుతూ అన్నాడు:

"అడిగిన."

"ఏమడిగినవ్?"

"పాట ఏడ నేర్చుకున్నవ్ చెల్లె అన్న. సాంచాల షెడ్ల మా బాపు నేర్పిండు అన్నది. గంతే. ఇగ తెలువనీకి ఏమున్నది? ఆమెకు తన తంబూర ఇనబడాలె ముందుగాల." నా మొహం చూసి ఆగాడు. "ఏం, నీకు చెప్పలేదా?"

"చెప్పింది," అన్నాను.

చెప్పింది, నిజమే. పెండ్లయిన కొత్తలోనే చెప్పింది. ఆ షెడ్డు నేను చూశాను కూడా. మామ పక్కన నిలబడి ఆ మోతలో చాయ్ తాగాను. నాకు తెలియనిది ఆయనకు ఒక్కటి కూడా తెలియదు. ఆయనా సౌండ్ వాడే, నేనూ సౌండ్ వాణ్ణే. అదే కదా నా మంట! ఆయనేమైనా పెద్ద చదువు చదివాడనో, చెవిలో దేవుడు కూర్చున్నాడనో అయితే వదిలేసేవాణ్ణి. ఆ రోజు ఆయన నవ్వలేదు, ఎగతాళి చేయలేదు. నా పళ్ళెంలో చివరి మిర్చీ తీసుకుని, "సల్లారిపోతది బావా, నువ్వు తింటలేవు," అని నోట్లో వేసుకున్నాడు. అదైనా గుర్తుపెట్టుకుని తిట్టుకోవడానికి పనికొచ్చింది.

ఆ తర్వాత మా ఇద్దరికీ పెద్దగా మాటల్లేవు. ఆమెకు మాత్రం ఉండేవి. ఆయన మైకు పెట్టే చోట పాడమంటే ఎంత దూరమైనా వెళ్ళేది. నేను మైకు పెట్టే చోటా పాడేది, కాదనను. అక్కడ గొంతు పెంచి పాడేది. ఇంటికొచ్చాక మిరియాల పాలు తాగేది. ఒక్కసారి, ఒకే ఒక్కసారి నా మిక్సర్ ముందు ఆమె మెల్లగా పాడితే చాలనుకునేవాణ్ణి. ఎవరితోనూ అనలేదు.

ఇప్పుడు ఆయన పోయాడు. కరీంనగర్‌లోనే ఒక హాలులో ఆమె కార్యక్రమం ముందే కుదిరి ఉంది, మైకు ఆయనదే. ఆయన లేడు కాబట్టి నా దగ్గరికి వచ్చారు. ఎవరి చావు వల్లో వచ్చిన పని అని తెలిసీ నాకు సంతోషమైంది. సిగ్గుపడాలేమో, పడలేదు.

సెల్లు వేసే డబ్బి, అదే మామూలు రకం, కొన్నాను. ఈసారి షాపువాడు అడక్కముందే తంబూర బిళ్ళకని చెప్పాను. పొద్దున్నే హాలుకు వెళ్ళి బీరువాలు సగం బయటే ఉంచేశాను. అవునండీ, బీరువాలు. డబ్బి కలిపి, రొద మీట నొక్కి, ఆమె ఎదురుగా కూర్చున్నాను.

"సుతి ఎంత గావాలె?"

ఆమె నా వైపు వింతగా చూసింది. మీటింది. "జర పెంచు," అంది. పెంచాను. "ఇంక జర." పెంచాను. "ఇగ సాలు," అని తంబూర మీదికి తల వంచింది.

పాడింది. మెల్లగా పాడింది. మెట్‌పల్లిలో విన్న ఆ గొంతు, నా వైర్లలోంచి, నా మిక్సర్ మీదుగా, నా బాక్సుల్లోంచి వచ్చింది. హాలులో ఫ్యాన్లు తిరగడం వినపడింది. మొదటి వరసలో ఎవరో దగ్గబోయి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. నేను మిక్సర్ మీద నుంచి వేలు తీయలేదు. ఇది నాది అనుకున్నాను. ఇన్నాళ్ళకు ఇది నాది. కండ్లలో నీళ్ళు తిరిగాయి, తుడుచుకోలేదు కూడా.

తత్వం అయిపోయింది. జనం చప్పట్లు కొట్టడం మరిచిపోయి, కొంచెం ఆగి కొట్టారు. ఆమె మైకు దగ్గరికి జరుపుకుంది.

"ఇప్పుడు పాడే పాట మా అన్నకు," అంది. "నా తంబూర నాకు ఇనిపిచ్చినోడు. ఈ నడుమనే పోయిండు. ఆయన పేరు..."

ఆమె మైకును పెంచి తగ్గించే మీట నా వేలి కిందే ఉంది. కొంచెం కిందికి జరిపితే చాలు, ఆ పేరు మొదటి వరస దాటేది కాదు. వైరు వదులైందని చెప్పొచ్చు, నమ్మేవాళ్ళు. జరపాలనిపించింది. నిజంగానే అనిపించింది. ఆమె ఆ పేరు చెప్పింది. గొంతు పెంచలేదు, పక్కన కూర్చున్న మనిషితో అన్నట్టే అంది. గుమ్మం దగ్గర చెప్పులు విడుస్తున్నవాళ్ళు కూడా తలెత్తి చూశారు. అంత బాగా పెట్టాను ఆ రోజు సౌండ్.